ఒక్క ట్రేలో రోస్ట్ చికెన్, కూరగాయలు: కూర చేసే చేతిని కాసేపు కట్టేసుకోండి

ఇక్కడ బెంగళూరులో మన తెలుగు ఇళ్లలో ఓవెన్ చికెన్ బాగా రాలేదంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, తడి. కడిగి సరిగ్గా ఆరబెట్టని ముక్కల తడి, పెరుగు మసాలా తడి, ట్రే నిండా కుక్కిన కూరగాయల్లోంచి ఊరే తడి. కూరకైతే ఇదంతా మంచిదే, గ్రేవీ అవుతుంది. ఓవెన్‌లో మాత్రం ఆ నీరు ఆవిరయ్యేదాకా ముక్క పైభాగం వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. చర్మం ఎర్రగా కాలి కరకరలాడాలంటే అది సుమారు 140 డిగ్రీలు దాటాలి. ఓవెన్‌ను 220లో పెట్టినా ముక్క తడిగా ఉంటే లోపల జరిగేది ఉడకడమే, కాలడం కాదు.

కాబట్టి ఈ వంటలో మీరు నేర్చుకోవాల్సిన కొత్త విద్య పెద్దగా లేదు. అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించడం, మూత పెట్టడం, మధ్యమధ్యలో గరిటె తిప్పడం, అడుగంటుతుందేమోనని చుక్క నీళ్లు పోయడం, వీటన్నిటినీ ఒక గంటసేపు మానుకోవాలి. అదే కష్టం కూడా. చెయ్యి ఊరుకోదు.

కింది లెక్క 28 నుంచి 30 లీటర్ల ఓటీజీలో, అంటే ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో, ముగ్గురికి సరిపోతుంది. చర్మంతో ఉన్న ఫుల్ లెగ్‌లు మూడు, అన్నీ కలిపి ముప్పావు కిలో. మూడు మధ్యస్థం బంగాళదుంపలు, రెండు క్యారెట్లు, సాంబారు ఉల్లిపాయలు పది పన్నెండు, ఒక వెల్లుల్లి గడ్డ, ఒక క్యాప్సికం, గుప్పెడు బీన్స్. ఉప్పు, మిరియాలు, ధనియాలు, జీలకర్ర, కొంచెం కారం, వేరుశెనగ నూనె మూడు టేబుల్ స్పూన్లు, ఒక నిమ్మకాయ, నాలుగు రెబ్బల కరివేపాకు. ఇంట్లో ఐదారుగురు ఉంటే ఇదే లెక్కను రెట్టింపు చేసి అదే ట్రేలో సర్దకండి. రెండు వాయిలుగా చేయండి.

చికెన్ షాపులో

బెంగళూరులో ఏ ఏరియా చికెన్ షాపుకు వెళ్లినా బోర్డు మీద రెండు రేట్లు ఉంటాయి, విత్ స్కిన్, స్కిన్‌లెస్. స్కిన్‌తో ఉన్నదే చవక. మనకు కావాల్సిందీ అదే. మాట్లాడకుండా నిలబడితే అలవాటుగా చర్మం లాగేసి, చిన్న చిన్న ముక్కలు కొట్టి కవర్లో వేసిస్తారు. కాబట్టి కత్తి పైకి లేవకముందే చెప్పాలి.

"భాయ్, ఫుల్ లెగ్ మూడు. స్కిన్ ఉండాలి. తొడ, కాలు విడదీయొద్దు."

"కర్రీకా, బిర్యానీకా?"

"రెండూ కాదు. ఓవెన్‌లో పెట్టడానికి. గాట్లు కూడా పెట్టొద్దు."

ఆ చివరి మాట మరిచిపోవద్దు. తందూరీ అనుకుని మూడు నాలుగు లోతైన గాట్లు పెట్టేస్తారు. గాట్లలోంచి రసం కారిపోతుంది, చర్మం ముడుచుకుపోతుంది.

బ్రెస్ట్ ముక్కలు వద్దా అంటే, వద్దనే చెబుతాను. వాటిలో కొవ్వు తక్కువ. బంగాళదుంప కాలేంత సేపు ఓవెన్‌లో ఉంచితే అవి పీచుగా, నమిలితే దవడ నొప్పి పుట్టేలా తయారవుతాయి. లెగ్ ముక్కకు ఎముక ఉంది, కొవ్వు ఉంది, పది నిమిషాలు అటూ ఇటూ అయినా ఏమీ కాదు. కొత్తగా చేసేవాళ్లకు ఆ వెసులుబాటు చాలా అవసరం.

స్కిన్‌తో ఉన్న కోడికి అక్కడక్కడా ఈకల మొదళ్లు మిగిలిపోతాయి. ఊళ్లో అమ్మమ్మలు పసుపు రాసి మంట మీద కాల్చేవాళ్లు కదా, అదే పని గ్యాస్ మంట మీద పట్టకారుతో పట్టుకుని పది సెకన్లు చేస్తే చాలు. మిగిలినవి వేళ్లతో లాగేయండి.

కడగాలా వద్దా

పచ్చి కోడిని కుళాయి కింద కడిగితే దాని మీది బ్యాక్టీరియా నీటి తుంపరలతో సింకుకు, పక్కనున్న గిన్నెలకు అంటుకుంటుందని ఆహార భద్రత నిపుణులు వద్దంటారు. ఆ బ్యాక్టీరియాను చంపేది ఓవెన్ వేడే, నీళ్లు కాదు. మన ఇళ్లలో కడగని కోడిని పొయ్యి ఎక్కిస్తే అత్తగారు ఊరుకోరన్నది వేరే విషయం. కడగక తప్పదంటే ఒక గిన్నెలో నీళ్లు పోసి, తుంపరలు లేవకుండా నెమ్మదిగా కడిగి, ఆ నీళ్లు పారబోసి, సింకు సబ్బుతో రుద్దేయండి.

కడిగినా కడగకపోయినా తర్వాతి పని మాత్రం తప్పదు. కిచెన్ టిష్యూ తీసుకుని ప్రతి ముక్కనూ అద్దండి. చర్మం మీద, చర్మం మడతల్లో, తొడ లోపలి వైపు. మొదటి టిష్యూ తడిసి ముద్దవుతుంది, రెండోదీ తడుస్తుంది. వేలితో రాస్తే చర్మం జారకుండా పట్టుకున్నట్టు అనిపించాలి, అప్పుడు ఆపండి.

ఇప్పుడు ఉప్పు. ఈ ముప్పావు కిలోకు ఒకటిన్నర టీస్పూన్ల మెత్తటి ఉప్పు, అన్ని వైపులా. ఉప్పు వేసిన కాసేపటికి చర్మం మీద నీటి చెమ్మ కనిపిస్తుంది. అయ్యో మళ్లీ తడి అనుకుంటారు. కంగారు పడకండి, ఆ నీటిలో ఉప్పు కరిగి, మెల్లగా మళ్లీ కండలోకే ఇంకిపోతుంది. దీనికి టైం కావాలి. వీలైతే ముందు రోజు రాత్రే ఉప్పు పట్టించి, ఒక పళ్లెంలో మూత లేకుండా ఫ్రిజ్ కింది అరలో పెట్టేయండి. ఫ్రిజ్ గాలికి చర్మం ఆరి కాగితంలా అవుతుంది. కింది అర ఎందుకంటే, ఒకవేళ రసం కారినా పాల మీదో పూల మీదో పడదు. అంత టైం లేకపోతే కనీసం రెండు గంటలు. అదీ లేకపోతే ఓవెన్‌లో పెట్టే ముందు ఉప్పు వేసి వెంటనే పెట్టేయండి. అరగంట మాత్రం నానబెట్టకండి, నీరు బయటికి వచ్చి ఇంకా లోపలికి వెళ్లని సమయం అది.

మసాలా ఎక్కడ రాయాలి

రెండు టీస్పూన్ల ధనియాలు, ఒక టీస్పూన్ మిరియాలు, అర టీస్పూన్ జీలకర్ర చిన్న రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మెత్తటి పొడి కానివ్వకండి. దీనికి అర టీస్పూన్ కారం, ఒక టేబుల్ స్పూన్ నూనె కలిపితే గట్టి ముద్ద అవుతుంది.

ఈ ముద్దను చర్మం పైన కాకుండా చర్మం కింద రాయాలి. తొడ పెద్దగా ఉన్న అంచు దగ్గర చర్మం, కండ మధ్యలోకి చూపుడు వేలు దూర్చండి. సన్నటి పొర తగులుతుంది, మెల్లగా తోస్తే విడిపోయి సంచీలా తెరుచుకుంటుంది. అందులోకి ముద్ద వేసి, పైనుంచి చర్మాన్ని అరచేత్తో నిమిరితే కాలి దాకా పాకుతుంది. ఇంత తంటా ఎందుకంటే, 220 డిగ్రీల దగ్గర కారం, మసాలా పైన ఉంటే ముప్పావు గంటలో నల్లగా మాడి చేదెక్కుతాయి. లోపలైతే కొవ్వులో మగ్గి కండకు పడతాయి. చర్మం పైన నూనె చుక్క, కొంచెం మిరియాల పొడి చాలు. పెరుగు అసలు వద్దు, అది తందూరీకి.

కూరగాయలు

ఏ కూరగాయ పడితే ఆ కూరగాయ ట్రేలో వేసేయడం కుదరదు. ముప్పావు గంట వేడికి నిలబడేవి వేరు, పావుగంటకే తయారయ్యేవి వేరు. మొదటి జాతిలో బంగాళదుంప, క్యారెట్, చిలగడదుంప, సాంబారు ఉల్లి, పొట్టు తీయని వెల్లుల్లి రెబ్బలు. బెంగళూరులో ఎక్కడ చూసినా దొరికే నూల్‌కోల్ (గుండ్రటి దుంపలా ఉండే, క్యాబేజీ జాతి కూరగాయ) కూడా ఇందులోదే. కూరలో నీళ్లగా ఉంటుందని చాలామంది కొనరు కానీ, కాలిస్తే తియ్యగా అవుతుంది, ప్రయత్నించండి. రెండో జాతిలో క్యాప్సికం, బీన్స్, కాలీఫ్లవర్, బేబీ కార్న్. టమాటా, సొరకాయ, పుట్టగొడుగులు ఈ ట్రేలో వద్దు, వాటిలో నీరెక్కువ.

బంగాళదుంప గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ట్రేలో మొదట ఖాళీ అయ్యేది చికెన్ కాదు, అదే. హాసన్, కోలారు, చిక్కబళ్లాపుర వైపు నుంచి కొత్త పంట వచ్చినప్పుడు పొట్టు గోటితో గీస్తే ఊడిపోయేంత పల్చగా ఉంటుంది. కూరకు బాగుంటుంది కానీ నీటి శాతం ఎక్కువ, అంత కరకరలాడదు. రోస్ట్‌కు పొట్టు గట్టిపడిన పాత దుంపే మేలు. పచ్చి దుంపల్ని ఫ్రిజ్‌లో మాత్రం దాచకండి. చల్లదనానికి పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, ఓవెన్‌లో పెడితే ఉడికేలోపే పైన నల్లబడుతుంది.

పొట్టు తీసి, మూడు సెంటీమీటర్ల ముక్కలు కోయండి. ఇష్టముంటే ఉప్పు నీళ్లలో ఎనిమిది నిమిషాలు ఉడికించి, వార్చి, గిన్నెను రెండుసార్లు కుదిపితే అంచులు గరుకుగా అవుతాయి. ఆ గరుకు అంచులే తర్వాత కరకరలాడేవి. నెల్లూరులోనో విజయవాడలోనో ఉన్న మీ అమ్మగారి లెక్క కంటే ఇక్కడ ఒకట్రెండు నిమిషాలు ఎక్కువ పట్టొచ్చు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఓవెన్‌కు ఈ గొడవ లేదు.

క్యారెట్‌ను దుంప కంటే కొంచెం సన్నగా, ఏటవాలుగా కోయండి. ఉల్లిపాయలు పొట్టు తీసి అలాగే ఉంచండి. ఇవన్నీ గుడ్డతో తుడిచి, రెండు టేబుల్ స్పూన్ల నూనె, అర టీస్పూన్ ఉప్పుతో చేత్తో కలపండి. బీన్స్, క్యాప్సికం విడిగా వేరే గిన్నెలో, కొంచెం నూనె రాసి పక్కన పెట్టుకోండి.

ఓవెన్ ఆన్ చేసే ముందు ప్లగ్ చూడండి

అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు ఈ మాట ముఖ్యం. ఈ సైజు ఓటీజీలు చాలావరకు 1500 వాట్లు, ఆ పైన లాగుతాయి. మిక్సీ పెట్టుకునే 6 ఆంప్స్ చిన్న సాకెట్ దానికి చాలదు. 16 ఆంప్స్ పెద్ద ప్లగ్ పాయింటే కావాలి. కన్వర్టర్ పిన్ పెట్టి చిన్న సాకెట్‌లో దూర్చితే వైరు వేడెక్కి కరిగిపోయే ప్రమాదం ఉంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ కూడా వద్దు. ఇంట్లో పెట్టుకునే మామూలు ఇన్వర్టర్ మీద ఓవెన్ నడవదు. అపార్ట్‌మెంట్లలో జనరేటర్ ఉన్నా ఒక్కో ఫ్లాట్‌కు ఇచ్చే లోడు చాలాచోట్ల తక్కువే, ఓవెన్ పెట్టగానే ట్రిప్ అవుతుంది. వాన రాత్రి కరెంటు పోతే టెన్షన్ పడకుండా తలుపు తెరవకుండా ఉంచండి, వేడి కాసేపు నిలుస్తుంది. పది నిమిషాల్లో రాకపోతే అన్నీ మందపాటి కడాయిలోకి మార్చి స్టవ్ మీద పూర్తి చేయండి.

ఓటీజీని పైన, కింద రెండు రాడ్లూ వెలిగేలా పెట్టి 220 డిగ్రీల దగ్గర పావుగంట వేడెక్కనివ్వండి. ఫ్యాన్ ఉన్న మోడల్ అయితే 200 చాలు. కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉన్నవాళ్లు కన్వెక్షన్ మోడ్ ఒక్కటే వాడాలి. మైక్రో మోడ్‌లోగానీ కాంబినేషన్ మోడ్‌లోగానీ స్టీలు, అల్యూమినియం ట్రేలు పెట్టొద్దు.

ట్రే లోతు తక్కువగా ఉండాలి. కేకు గిన్నె లాంటి లోతైనదాంట్లో పెడితే ఆవిరి బయటికి పోలేక అక్కడే తిరుగుతుంది. గాజు డిష్ వాడితే వేడి డిష్‌లో ఫ్రిజ్‌లోంచి తీసిన చికెన్ పెట్టకండి, పగలొచ్చు.

సర్దడం, ఆపై వదిలేయడం

ఉల్లిపాయలు, క్యారెట్, వెల్లుల్లి మధ్యలో పరిచి వాటి మీద చికెన్‌ను చర్మం పైకి ఉండేలా పెట్టండి. కారే కొవ్వు అంతా వాటి మీదే పడుతుంది. బంగాళదుంపలు అంచుల వెంట, కోసిన వైపు ట్రేకు ఆనేలా ఉండాలి. ముక్కకూ ముక్కకూ మధ్య ట్రే అడుగు కనిపించాలి. కనిపించడం లేదంటే కొన్ని తీసేయండి. ఇక్కడ ఆశపడి రెండు దుంపలు ఎక్కువ వేస్తే సాయంత్రం మెజెస్టిక్ బస్టాండులో ఎక్కిన సిటీ బస్సులా అయిపోతుంది, ఎవరికీ గాలి ఆడదు.

మధ్య అరలో పెట్టి తలుపు వేయండి. మొదటి ఇరవై ఐదు నిమిషాలు తలుపు తెరవొద్దు. పావుగంటకు చిటపటలు మొదలవుతాయి, అది కొవ్వు కరుగుతున్న చప్పుడు. వంటింటి కిటికీ తెరిచి, చిమ్నీ ఆన్ చేసుకోండి, కొంచెం పొగ మామూలే.

ఇరవై ఐదు నిమిషాలకు ట్రే బయటికి తీసి, దుంపల్ని మాత్రం అట్లకాడతో తిరగేయండి. అడుగు అంటుకుపోయి రాకపోతే బలవంతం చేయకండి, ఇంకా కాలలేదని అర్థం. చికెన్ జోలికి పోవద్దు. బీన్స్, క్యాప్సికం ఖాళీల్లో చల్లి, ట్రేను వెనకవైపు ముందుకు వచ్చేలా తిప్పి పెట్టండి, చాలా ఓటీజీల్లో వెనక భాగం వేడెక్కువ. ఇంకో పదిహేను, ఇరవై నిమిషాలు. చివరి మూడు నిమిషాల్లో నూనె తగిలించిన కరివేపాకు పైన వేయండి. ముందే వేస్తే బూడిదే మిగులుతుంది.

అయిందో లేదో చూడటానికి తొడ మందంగా ఉన్నచోట, ఎముక పక్కన సన్నటి కత్తి దించండి. కారే రసం తేటగా ఉండాలి. మాంసం థర్మామీటర్ ఉంటే ఇంకా నిశ్చింత. ఎముకకు తగలకుండా గుచ్చితే 74 డిగ్రీలు చూపిస్తే తినడానికి సురక్షితం. లెగ్ ముక్క మాత్రం 80 దాటాకే రుచిగా ఉంటుంది, కీలు దగ్గరి బిరుసు పొరలు అప్పటికి కరుగుతాయి. ఎముక పక్కన కొంచెం ఎర్రగా కనిపించినంత మాత్రాన పచ్చిగా ఉందని కాదు. లేత బ్రాయిలర్ కోళ్లలో ఎముక మూలుగు రంగు అలా దిగుతుంది. వేడి సరిపోయిందా అన్నదే చూడండి.

ట్రే అడుగున ఉన్నది

చికెన్‌ను పళ్లెంలోకి తీసి పది నిమిషాలు వదిలేయండి. మూత పెట్టకండి, ఇంతసేపు పడ్డ కష్టమంతా ఆవిరికి మెత్తబడిపోతుంది. ఈ లోపు కూరగాయలు కూడా తీసేసి ట్రే అడుగు చూడండి. ఎర్రటి నూనె, గోధుమ రంగు చెక్కులు ఉంటాయి. అరకప్పు మరిగే నీళ్లు పోసి చెక్క గరిటెతో గీకండి. ఈ వంటలో నీళ్లు పోసే చోటు ఇదొక్కటే. వేగిన వెల్లుల్లి రెబ్బలు రెండు మూడు పొట్టులోంచి పిండి అందులోనే చిదిమి, సగం నిమ్మచెక్క పిండితే చిక్కటి పులుసు లాంటిది తయారవుతుంది. ఉప్పు చూసుకోండి, సాధారణంగా ఇంకేమీ అక్కర్లేదు.

దీన్ని వేడి అన్నంలో కలుపుకుని, పక్కన చికెన్, దుంపలు పెట్టుకుంటే సరి. అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లు ఇంట్లో ఉంటే రాగి సంకటి చేయమంటారు, చేయండి, గుంట చేసి అందులో ఈ రసం పోయండి. ఓపిక లేని రోజున వీధి చివర అయ్యంగార్ బేకరీ బ్రెడ్డు చాలు. శాకాహార బేకరీ బ్రెడ్డుతో కోడి రసం తుడుచుకు తినడమా అని మా ఇంట్లో వేళాకోళం చేస్తారు కానీ, ట్రే శుభ్రంగా నాకేసేదీ వాళ్లే.

ఓవెన్ లేకపోతే

అడుగు వెడల్పుగా, మందంగా ఉన్న ఇనుప మూకుడు తీసుకోండి. చెంచాడు నూనె వేసి, చర్మం కిందికి ఉండేలా చికెన్ పెట్టి, మధ్యస్థం మంట మీద పది పన్నెండు నిమిషాలు కదపకుండా ఉంచండి. చర్మం దానంతట అదే పెనాన్ని వదిలేస్తుంది. తీసి పక్కన పెట్టి, ఆ కొవ్వులోనే దుంపలు, క్యారెట్లు, ఉల్లి ఐదారు నిమిషాలు వేయించి, వాటి మీద చికెన్‌ను ఈసారి చర్మం పైకి పెట్టండి. మూత కొంచెం ఓరగా వేసి సన్నటి మంట మీద ఇరవై ఐదు నిమిషాలు. తర్వాత మూత తీసి, బీన్స్ వేసి, చెమ్మ ఆరేదాకా ఇంకో ఎనిమిది పది నిమిషాలు. ఓవెన్‌లో కాలినంత సమంగా కాలదు గానీ చర్మం మాత్రం తీసిపోదు.

ఎయిర్ ఫ్రయర్‌లో చికెన్ అద్భుతంగా వస్తుంది, కానీ బుట్టలో కూరగాయలకు చోటుండదు. ఇద్దరికైతే చూడండి.

మిగిలితే

వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి, మూడు రోజుల్లో తినేయండి. మర్నాడు చర్మం ఎలాగూ మెత్తబడుతుంది కాబట్టి మళ్లీ ఓవెన్ వేడి చేసే పని పెట్టుకోకుండా, మాంసం చీల్చి, మిగిలిన దుంపలతో పాటు పెనం మీద ఉల్లి, పచ్చిమిర్చి వేసి వేయించండి, చపాతీలోకి బాగుంటుంది. ఎముకలు పారేయొద్దు. కుక్కర్‌లో వేసి మునిగేన్ని నీళ్లు, దంచిన మిరియాలు, వెల్లుల్లి, చిటికెడు పసుపు వేసి నాలుగైదు విజిల్స్ రానిచ్చి వడకడితే జలుబు చేసిన రోజుకు పనికొచ్చే మిరియాల చారు సిద్ధం. ట్రేకు అంటుకున్న నలుపు పోవాలంటే వేడినీళ్లు, రెండు చెంచాల సోడా ఉప్పు వేసి రాత్రంతా నానబెట్టి పొద్దున్నే రుద్దండి. పీచు స్టీలుది వాడితే ట్రే కోటింగ్ ఊడుతుంది, మెత్తటిదే వాడండి.